పందిపిల్లకి ఏ ఇనుము పెట్టాలి?

పందిపిల్ల పుట్టేటప్పుడు దాని ఒంట్లో ఉండే ఇనుము సుమారు 50 మిల్లీగ్రాములు. రోజుకి కావాల్సింది 7 నుంచి 10 దాకా, తల్లిపాలలో దొరికేదేమో రోజుకి ఒక మిల్లీగ్రాము, అంతే. వారం తిరిగేసరికి నిల్వ ఖాళీ. పైగా మొదటి వారంలోనే బరువు దాదాపు రెట్టింపవుతుంది, ఒళ్ళు పెరిగేకొద్దీ రక్తం కూడా పెరగాలి కదా. ఆరుబయట పెరిగే పిల్లలు మట్టిని మూతితో కెలికి కొంత ఇనుము అందులోంచే తెచ్చుకుంటాయి, కాంక్రీటు నేల మీద ఆ దారి లేదు. అక్కడ పిల్లలు పాలిపోయి, రొప్పుతూ, ఎదగకుండా ఉండిపోతాయి.

తల్లికే ఎక్కువ ఇనుము పెడితే సరిపోదా? సరిపోదు. ఫెర్రస్ సల్ఫేట్ లాంటి అకర్బన లవణాలు ఎంత కలిపినా పాలలో ఇనుము పెద్దగా పెరగదు. గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లానికి కట్టిన సేంద్రియ ఇనుము, అంటే కీలేట్, మేలని అమ్మేవాళ్ళు గట్టిగా చెబుతారు. కొన్ని పరీక్షల్లో కాస్త లాభం కనిపించింది, కొన్నిట్లో అసలు తేడా లేదు, పుట్టిన పిల్లలకి వేసే ఇనుము ఇంజెక్షన్ మానేయొచ్చన్నంత నమ్మకమైతే రాలేదు.

కీలేట్ వెనకున్న ఆలోచన మాత్రం మంచిదే. సల్ఫేట్ కడుపులో కరిగి ఇనుము విడిపోతుంది, దాన్ని మొక్కజొన్న, సోయాల్లోని ఫైటేట్ అనే పదార్థం పట్టేసుకుంటుంది. ఒంటికి పట్టకుండా మిగిలినదాన్ని పేగుల్లోని ఈ.కోలై లాంటి బాక్టీరియా వాడుకుంటుంది, పారుడుకి అదీ తోడవుతుంది. అమైనో ఆమ్లంతో కట్టి ఉంటే ఈ తంటా కొంత తగ్గాలి. ఐరన్ ఆక్సైడ్ సంగతి వదిలేయండి, అది దాణాకి రంగు తేవడానికే తప్ప ఒంటికి పట్టేది దాదాపు లేదు.

అయితే పుట్టిన మొదటి మూడు నాలుగు రోజుల్లో మెడ కండలో వేసే 200 మిల్లీగ్రాముల ఐరన్ డెక్స్‌ట్రాన్ అనే ఇనుము ఇంజెక్షన్‌కి పేగులతో పనే లేదు కాబట్టి ఈ గొడవంతా దాటిపోతుంది. తల్లికి విటమిన్ ఇ తక్కువైతే మాత్రం ఈ ఇంజెక్షన్ పిల్లల ప్రాణం మీదకి తేవచ్చు, ముందే చూసుకోవాలి.

పాలు మాన్పించాక దాణాలో కిలోకి సుమారు 100 మిల్లీగ్రాములు ఉంటే చాలు. దాణాలో కాల్షియం, ఫాస్ఫరస్ కోసం కలిపే డైకాల్షియం ఫాస్ఫేట్‌తో పాటే కొంత ఇనుము ఎలాగూ వస్తుంది. నన్నడిగితే అక్కడ చవకైన సల్ఫేటే చాలు, కీలేట్‌కి పెట్టే డబ్బుతో పాలు మాన్పించేటప్పుడు కొన్ని పిల్లల హిమోగ్లోబిన్ చూపించుకోండి. డెసిలీటరుకి 11 గ్రాములు దాటితే బాగున్నట్టు, 9 కన్నా తగ్గితే రక్తహీనత. చాలామంది బక్కవాటినే అనుమానిస్తారు గానీ ఎక్కువగా తగ్గేది బలంగా, వేగంగా పెరిగిన పిల్లల్లోనే, ఒక్క ఇంజెక్షన్ వాటికి చాలదు.