మధ్యాహ్నం ఆ అరగంట ఎవరిది?

తిరుపతిలో ఎవరి దగ్గరైనా రేడియోలో వచ్చే స్త్రీల కార్యక్రమం మాట ఎత్తండి. పెద్దవాళ్లయితే "అబ్బా, వంట ముగించుకుని వినేవాళ్లం" అంటారు, ఇరవైల్లో ఉన్న అమ్మాయిలు "అదింకా వస్తోందా?" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఏం జరిగిందో చూడకుండా ఆ కార్యక్రమం ఉంచాలా తీసెయ్యాలా అని వాదించుకోవడం నాకు నచ్చదు, అందుకే ఈ పాత కథ చెబుతున్నాను.

మనకంటే ముందు బ్రిటన్ సంగతి. అక్కడ బీబీసీ 'ఉమన్స్ అవర్' 1946 అక్టోబర్ 7న మొదలైంది, మధ్యాహ్నం రెండు గంటలకు. యుద్ధం అయిపోయింది, యుద్ధకాలంలో ఫ్యాక్టరీలకూ ఆఫీసులకూ వెళ్లిన ఆడవాళ్లు చాలామంది మళ్లీ ఇళ్లకు చేరారు, సరుకులకింకా రేషనే. మధ్యాహ్న భోజనం పని అయ్యాక వాళ్లు కాస్త కూర్చుంటారని ఆ టైమ్ ఎంచుకున్నారు. మొదట దాన్ని నడిపింది అలన్ ఐవిమీ అనే మగవాడు. ఆడవాళ్లకు ఏం కావాలో మగవాడు చెప్పడమేంటని ఇప్పుడు మనకనిపిస్తుంది, అక్కడ కూడా ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. 1973లో బీబీసీలోనే రేడియో 4 అనే చానల్‌కి మారింది, 1991లో మధ్యాహ్నం నుంచి పొద్దుటికి జరిపితే పాత శ్రోతలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అయినా జరిపారు, ఈ రోజుకీ నడుస్తోంది.

మన దగ్గరకొస్తే, ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అప్పటికి చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి ఇక్కడివాళ్లకు రేడియో అంటే మద్రాసే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న వచ్చింది, మన రాయలసీమకు దగ్గరగా కడప కేంద్రం 1963లో. మా ఇంట్లో అందరూ కడప స్టేషన్ అనే అనేవాళ్లు. పిల్లలకు, రైతులకు, కార్మికులకు ఉన్నట్టే ఆడవాళ్లకూ విడిగా కాస్త సమయం కేటాయించడం మొదటినుంచీ ఆకాశవాణి పద్ధతి.

వంటలు, కుట్లు, పిల్లల పెంపకం తప్ప అందులో ఏముండేదని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. పేపరు చదవలేని మనిషికి డాక్టరమ్మ మాట నేరుగా చెవిన పడే దారి రేడియో ఒక్కటే. కుటుంబ నియంత్రణ గురించి అత్తగారితో అనలేని మాట, మొగుడితో ఎత్తలేని మాట, ఆ పెట్టెలోంచి వస్తుంటే నలుగురు ఆడవాళ్లు తలొంచుకుని పని చేసుకుంటూ వినేవాళ్లు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ మధ్యాహ్నం నిజంగా ఆడవాళ్ల తీరిక సమయమేం కాదు, వాళ్ల చేతికి రేడియో వచ్చే సమయం. రేడియోకి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాల్సిన రోజులవి (అది 1980ల మధ్యలో గానీ పోలేదు), లైసెన్సు ఇంటాయన పేరు మీద, రేడియో వసారాలో ఎత్తుగా అరమీద. పొద్దున వార్తలు ఆయనవి, రాత్రి వార్తలు కూడా ఆయనవే. ఆయన పొలానికో కచేరీకో పోయాకే ఇంకొకరు ఆ బటన్ తిప్పగలిగేది.

చంద్రగిరి దగ్గర మా అవ్వ వాళ్ల ఊళ్లో ఇది నా కళ్లతో చూశాను. అవ్వ చాట ముందు పెట్టుకుని విత్తనానికి చెనిక్కాయలు ఒలిచేది, పక్కింటి పెద్దమ్మ, ఇంకో ఇద్దరు చేరేవాళ్లు. ఒకరోజు రేడియోలో గర్భిణులు రోజూ పాలు తాగాలని చెప్పారు. అవ్వ నన్ను పిలిచి, పదిహేను పైసల పోస్టుకార్డు చేతికిచ్చి రేడియోవాళ్లకు రాయమంది: "అమ్మా, పాలు తాగమంటున్నారు సరే, తెల్లవారకముందే పాలన్నీ పాల కేంద్రానికి పోసేస్తాం, ఇంట్లో మిగిలేది మజ్జిగే. మేం ఏం తినాలో చెప్పండి." అప్పుడు మా చిన్నత్త కడుపుతో ఉంది. కొన్ని వారాలకు జవాబొచ్చింది, రాగి సంగటి, మునగాకు, వేయించిన చెనిక్కాయలు అని, ఊరి పేరుతో సహా చదివారు. అవ్వ ఒలవడం ఆపేసి చాటలో గింజల వంక చూస్తూ ఉండిపోయింది. చిన్నత్తకు పురుడు వచ్చేదాకా రోజూ గుప్పెడు గింజలు వేయించి పెట్టింది.

ఆ కార్యక్రమానికి ప్రాణం ఆ కార్డుల్లోనే ఉందని నా గట్టి నమ్మకం. చెప్పేవాళ్లు మద్రాసులోనో కడపలోనో కూర్చుని చెప్పారు, దాన్ని మన బతుకులకు సరిపడేలా దిద్దింది వినేవాళ్లు.

తర్వాత ట్రాన్సిస్టర్ వంటింట్లోకి వచ్చింది, టైమ్‌తో పెద్దగా పని లేకుండా పోయింది. తర్వాత టీవీ. 1995లో తెలుగు ప్రైవేటు చానళ్లు మొదలయ్యాక మధ్యాహ్నాలు సీరియళ్లవైపు పోయాయి. ఎఫ్‌ఎం వచ్చింది, ఫోన్‌ఇన్ వచ్చింది, కార్డు రాయించుకోవాల్సిన అవసరం తీరింది, కార్డు రాయలేని ఆడవాళ్లూ తగ్గారు. 2011 నాటికి దేశంలో నూటికి 65 మంది ఆడవాళ్లకు చదువొచ్చింది.

ఇప్పుడు శ్రోత ఇంట్లోనే ఉంటుందని అనుకోవడానికి లేదు. మా వీధిలో ఒకమ్మాయి శ్రీసిటీలో సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీకి వెళ్తుంది, షిఫ్టుల పని, కంపెనీ బస్సులో పోనూ రానూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో ఒకటి వింటూనే ఉంటుంది. ఆకాశవాణి ఫోన్‌లో కూడా వస్తుందని నేను చెబితే ఆశ్చర్యపోయింది. ఆ రేడియోవాళ్లను ఏమడుగుతావు అంటే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు: "నైట్ షిఫ్ట్ దిగొచ్చాక పగలు నిద్ర పట్టట్లేదక్కా, ఇంట్లో చప్పుడు, వంట, ఎవరికి చెప్పినా అలవాటైపోతుందిలే అంటారు. ఏం చెయ్యాలో చెప్పమను."

మా అవ్వ అడిగింది కూడా ఇలాంటిదే. దీనికి ఒక మంచి డాక్టరమ్మ రేడియోలో జవాబు చెప్పగలదు, చెప్పాలి కూడా. కానీ ఆ జవాబు మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తే ఈ అమ్మాయి కిటికీకి దుప్పటి కట్టి, కళ్లు మూసుకుని, నిద్ర కోసం చూస్తూ ఉంటుంది. అదే మాట పొద్దున ఆరున్నరకు, బస్సు శ్రీసిటీ గేటు దాటి తిరుపతి వైపు తిరిగే వేళకు కూడా ఒకసారి వెయ్యమని ఈసారి కార్డు నేనే రాస్తున్నాను.