ఫ్రేమ్ రిలేలో హామీ వేగం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వ్యాపార సంస్థల శాఖలను ప్రధాన కార్యాలయాలతో కలిపే లైన్ల పనిలో చాలా ఏళ్లు గడిపాను. అప్పట్లో అవి ఫ్రేమ్ రిలే లైన్లు. అంటే డేటాను ఫ్రేములనే ముక్కలుగా చేసి, చాలామంది పంచుకునే నెట్‌వర్క్ మీదుగా పంపే పద్ధతి. దాని స్థానంలోకి ఇప్పుడు ఎంపీఎల్ఎస్, ఈథర్నెట్ అనే కొత్త రకం లైన్లు వచ్చేశాయి. కొటేషన్‌లో హామీ వేగం అనే గడి మాత్రం ఇంకా ఉంది, దాని చుట్టూ పాత అపోహలూ ఉన్నాయి.

అపోహ: సెకనుకు 64 కిలోబిట్ల లైను తీసుకుంటే 64 కిలోబిట్లూ మనవే.

వాస్తవం: ఆ 64 మీ గుమ్మం దగ్గరి పోర్టు వేగం, అంటే మీ లైను నెట్‌వర్క్‌లో కలిసే ద్వారం వేగం. నెట్‌వర్క్ మాట ఇచ్చేది సీఐఆర్‌కు, అంటే కమిటెడ్ ఇన్ఫర్మేషన్ రేటుకు మాత్రమే. అది 16 అనుకోండి. అంతకు మించి పంపిన ఫ్రేముల మీద నెట్‌వర్క్ డీఈ (డిస్కార్డ్ ఎలిజిబుల్, అంటే అవసరమైతే పారేయవచ్చు) అనే గుర్తు వేస్తుంది. దారి ఖాళీగా ఉంటే అవీ క్షేమంగా చేరతాయి. రద్దీ ఏర్పడితే ముందు పారేసేది వాటినే. అందుకే పరీక్షించిన రోజు పరుగెత్తిన లైను, అవసరం పడిన రోజు కుంటుతుంది.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి ఇదే జరిగింది. ఉదయమంతా లైను బాగుండేది. సాయంత్రం విజయనగరానికి సరుకు లెక్కలు పంపే వేళకు ఫైలు సగంలో ఆగేది. మోడెం మార్చారు, కేబుల్ మార్చారు. నేను రూటర్ లెక్కలు తెరిచి కూర్చున్నాను. మీరు పంపే దారిలో రద్దీ ఉందని నెట్‌వర్క్ చేసే హెచ్చరికను బీఈసీఎన్ అంటారు. చూస్తుండగానే ఆ హెచ్చరికల అంకె పెరుగుతోంది. పక్కనే గుమస్తా, ఆఖరి బస్సు పోతుందేమోనని గడియారం చూసుకుంటున్నాడు. 10 లక్షల బైట్ల ఫైలంటే 80 లక్షల బిట్లు. 64 కిలోబిట్ల వేగంతో 125 సెకన్లు చాలు, 16 మాత్రమే దక్కితే 500 సెకన్లు. పైగా పారేసిన ఫ్రేములను ఫ్రేమ్ రిలే తిరిగి పంపదు, ఆ భారం రెండు చివర్లలోని కంప్యూటర్లదే. హామీని 32కు పెంచాక గుమస్తా వేళకు ఇంటికి చేరాడు.

అపోహ: నెల సగటు వాడకం చూసి హామీ వేగం ఎంచుకోవాలి.

వాస్తవం: సగటులో రాత్రుళ్లు, ఆదివారాలు కూడా కలిసిపోతాయి. కొలవవలసింది రద్దీ గంటను. నెలాఖరు కలిసేలా ఒక వారం, అయిదు నిమిషాలకోసారి రూటర్ లెక్క తీయండి. ఆ గంటలో ఏది ఆగితే వ్యాపారం ఆగుతుందో, బిల్లింగ్, స్టాకు వంటివి, వాటికి సరిపడా హామీ తీసుకోండి. రాత్రి చేసుకోగల బ్యాకప్ కోసం హామీకి డబ్బు పోయడం దండగ.

అపోహ: సున్నా సీఐఆర్ చవకైన బేరం.

వాస్తవం: అందులో ప్రతి ఫ్రేమూ డీఈ గుర్తుతోనే వెళుతుంది. బిల్లింగ్ పనికి అలాంటి లైనును నేను ఎన్నడూ ఒప్పుకోలేదు.

అపోహ: శాఖలకు హామీ ఉంటే చాలు.

వాస్తవం: రాజాం, పలాస, టెక్కలి, బొబ్బిలి, సాలూరు శాఖలకు తలా 32 ఇస్తే మొత్తం 160. విజయనగరంలో పోర్టు 128 అయితే, అయిదూ ఒకేసారి పంపినప్పుడు ఆ హామీ నిలబడదు. ఎదురు దిశలోనూ చిక్కుంది. ప్రధాన కార్యాలయం తన పూర్తి వేగంతో పంపితే 64 పోర్టు ఉన్న శాఖ అందుకోలేదు, ప్రధాన కార్యాలయం రూటర్‌లో ట్రాఫిక్ షేపింగ్, అంటే పంపే వేగాన్ని అదుపు చేసే అమరిక, పెట్టించాలి. సంతకం పెట్టే ముందు రెండు దిశలకూ హామీ అంకెను విడివిడిగా రాయించుకోండి. రెండూ సమానంగా ఉండాలన్న నియమం ఏదీ లేదు.