సిపాయి పార, మన పార

హనుమకొండ

బిడ్డలారా,

వేసవి సెలవులకు వచ్చినప్పుడు అటక మీది ఇనుప పెట్టె దించి, "తాతా, మనకు పొలమే లేదు కదా, ఇన్ని పాత పారలెందుకు?" అని అడిగారు. అవి పొలం పారలు కావు, సిపాయిల పారలు. అప్పుడు మీ బస్సుకు టైమైపోయి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మిలిటరీ సంచులు కొనాలని ఉబలాటపడుతున్న మీ దోస్తులకు కూడా ఇది చదివి వినిపించండి.

చిన్నోడు ముందుగా బయటికి తీసినదాని సంగతే చెబుతాను. ఒక పక్క ఆకులా వెడల్పుగా పార, ఇంకో పక్క కాకి ముక్కులా మొన, నడుమ కామ, అంటే కర్ర పిడి, దూర్చే కన్నం. అది బ్రిటిష్ సైన్యం 1908లో తెచ్చిన నమూనా. తల వేరు, కామ వేరు. తలను కాన్వాసు సంచిలో పెట్టి వెనుక కట్టుకునేవారు, కామను కత్తి ఒర పక్కన వేలాడదీసేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడారు, తర్వాత పక్కన పెట్టారు, రెండో యుద్ధానికి మళ్ళీ తెచ్చారు. మన దగ్గరున్న కామ కొసన ఇనుప తొడుగుకు ఒక బొడిపె ఉంది చూశారా? దానికి తుపాకీ మొనకు పెట్టే మేకులాంటి బాయ్‌నెట్ తగిలించి, బోర్లా పాకుతూ, నేలను ఏటవాలుగా మెల్లమెల్లగా గుచ్చి మందుపాతరలు వెతికేవారు. వేలి గోరంత బొడిపె అది. దాని మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడ్డాయో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కామ ఎందుకంత పొట్టిగా ఉందని పెద్దది అడిగింది. మంచి ప్రశ్న. పూర్వం సైన్యంలో పారలు, పికాసులు బండ్ల మీద వెనుక వచ్చేవి, తవ్వే పని వేరే దళాలది. గుండ్లు కురుస్తున్నప్పుడు బండి వచ్చేదాకా సిపాయి ఎక్కడ దాక్కుంటాడు? డెన్మార్క్ సైన్యాధికారి లినెమాన్ ఈ చిక్కు విప్పాడు. ఎవరి పార వాళ్ళ నడుముకే ఉండేలా పొట్టి పార చేసి 1869లో పేటెంటు తీసుకున్నాడు. పడుకునే తవ్వాలి, లేచి నిలబడితే తల పోతుంది, అందుకే పొట్టి కామ. 1877లో ఇప్పటి బల్గేరియాలోని ప్లెవ్నా దగ్గర తుర్కీ సైన్యం మట్టికట్టలు, కందకాలు తవ్వుకుని, తమకంటే పెద్దదైన రష్యా సైన్యాన్ని నెలల తరబడి నిలవరించింది. ఆ దెబ్బతో మట్టి విలువ అందరికీ తెలిసొచ్చింది. రష్యావాళ్ళ చిన్న పార పొడవు సరిగ్గా 50 సెంటీమీటర్లు, ఆకు వెడల్పు 15. కొలబద్దగానూ పనికొస్తుంది. జర్మనీవాళ్ళు 1938లో, అమెరికావాళ్ళు 1943లో మడత పారలు తెచ్చారు. మెడ దగ్గరి మర వదులు చేసి ఆకును తిన్నగా పెడితే పార, అడ్డంగా బిగిస్తే మన పారలాగే లాగి తవ్వే పనిముట్టు.

ఇక్కడ మీరు ఒకటి గమనించాలి. లోకంలో పారలు రెండు జాతులు. ఒకటి తోసేది: ఆకు అంచు మీద బూటు కాలు వేసి తొక్కి దించుతారు. రెండోది లాగేది: నడుము వంచి, ఎత్తి కొట్టి, మట్టిని తన వైపు లాక్కుంటారు. మన దగ్గర అంతా రెండోదే. ఎందుకు? ఉత్త కాళ్ళతో ఇనుప అంచును తొక్కలేం. పైగా మన ఎర్ర చెలక ఎండాకాలంలో మొరంలా గట్టిపడితే తొక్కుడుకు లొంగదు, దెబ్బకే లొంగుతుంది. ముందు గడ్డపార, తర్వాత పార, చివర తట్ట. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయుల కాలంలో లేచింది ఈ తట్టా పారల బలంతోనే. సింగరేణి బాయిలో మన పెద్దలు తట్టతో, చెమ్మస్ అనే పారతో బొగ్గు ఎత్తారు. ఆ 1908 నమూనా కూడా లాగే జాతిదే. పోయిన మేలో పెరట్లో వేపమొక్కకు గుంత తీయడానికి వచ్చిన కూలీ మనిషికి అదిచ్చాను. ఒక్కసారి చేతిలో తూచి చూసి, కాకిముక్కుతో నేల పగలగొట్టి, తిప్పి ఆకుతో మట్టి లాగేశాడు. ఎవరూ నేర్పలేదు. పని అయ్యాక "దీని కామ ఇంకో మూరెడుంటే మంచిగుండు" అన్నాడు.

నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో, తూకానికి అమ్మే ఇనుములోంచి ఏరి తెచ్చుకున్నాను మొదటి పారతల. ఇంటికొచ్చి గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, ఆకుపచ్చ రంగు వేశాను. నెల తర్వాత తెలిసింది, కన్నం పక్కన తయారుచేసినవారి పొడి అక్షరాలు, సంవత్సరం, ప్రభుత్వ సొత్తు అని చెప్పే బాణం గుర్తు ముద్రలుగా కొట్టి ఉంటాయని. తుప్పుతో పాటు వాటినీ అరగదీసేశాను. ఆ పార ఎప్పటిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్ళయినా దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. తుప్పుకు కిరోసిన్‌లో తడిపిన పాత గుడ్డ చాలు. కామకు అవిసె నూనె పట్టించి నీడలో ఉంచండి. ఇత్తడి బకిళ్ళకు చిలుము పడితే నానమ్మ చింతపండు జోలికి పోవద్దు, పొడి గుడ్డతో తుడవండి. కాన్వాసు పట్టీలంటే మందంగా నేసిన పత్తే కదా, వానాకాలం ముసురుకు బూజు పడుతుంది. సోడా, సబ్బు వేసి ఉతికితే రంగూ ముద్రలూ రెండూ పోతాయి. బ్రష్‌తో దులిపి గాలికి ఆరేయాలి.

సిపాయి నీళ్ళ సీసాకు ఉన్ని తొడుగెందుకో మీరే కనిపెట్టండి. మన మట్టి రంజన్‌ను తలచుకుంటే తెలిసిపోతుంది.

కొనేటప్పుడు జాగ్రత్త. బజార్లో మిలిటరీ మాలు అని అమ్మేవాటిలో చాలా మట్టుకు నిన్నమొన్న కుట్టినవే. నిజంగా వాడిన పారకు ఆకు ఒక మూల ఎక్కువ అరిగి ఉంటుంది, ఎందుకంటే మనిషి ఎప్పుడూ ఒకే చేతివాటంతో తవ్వుతాడు. కామ మీద చెయ్యి పట్టే చోట నునుపు తేలుతుంది. కొత్తదాన్ని పాతదిలా చేసినదానికి అరుగుడు అంతటా ఒకేలా ఉంటుంది.

యూనిఫాంల జోలికి పోకండి. సిపాయినని ఇతరులు నమ్మేలా ఆ బట్టలు వేసుకోవడం నేరం. తూటాలు, గుండ్లు ఎక్కడ కనబడినా ముట్టుకోకుండా దూరం జరిగి 112కు ఫోన్ చేయండి, తుప్పు పట్టినంత మాత్రాన మందు చావదు. ఇంకో మాట. చేతిలో పార ఉంది కదా అని ఖిలా వరంగల్ వైపు తవ్వులాటకు పోవద్దు. అది రక్షిత కట్టడం. అసలు నేలలో ఎక్కడైనా దాచిన సొత్తు దొరికి దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది. అంతకంటే ముఖ్యం, మట్టిలో ఏ వస్తువు ఏ లోతున, దేని పక్కన ఉందన్నదే చరిత్రకారులకు ఆధారం. మనం పెకిలిస్తే ఆ ఆధారం పోతుంది, నేను అరగదీసిన ముద్రలాగే.

ఆ రంగు వేసిన పారకు కామ పగిలింది. తుమ్మ కర్ర ఒకటి వడ్రంగి ఆయన దగ్గర ఆరబెట్టి ఉంచాను. దసరాకు మీరొచ్చాక చెక్కిస్తానన్నాడు. పెద్దదాని చేతికొలత కావాలట, పిడికిలి బిగించి చుట్టుకొలత దారంతో తీసి పంపించు బిడ్డా.

మీ తాత