రింగులు వేశాక కూడా సిరలు మళ్లీ ఎందుకు ఉబ్బుతాయి

అన్నవాహికలో ఉబ్బిన సిరలకు రబ్బరు రింగులు వేయించుకుని, ‘ఇప్పుడేమీ కనిపించడం లేదు’ అని డాక్టరు నోట వింటే జబ్బు పోయిందనే అనుకుంటాం. పోదు. కాలేయం గట్టిపడి, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో పెరిగిన పీడనాన్ని రింగు తగ్గించలేదు.

సారా మీద దూబగుంట ఆడవాళ్లు కదిలిన నెల్లూరు జిల్లాలో తాగుడుకు కాలేయం ఏమవుతుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. హెపటైటిస్ బి, సి, షుగరుతో వచ్చే కొవ్వు కాలేయం కూడా అక్కడికే చేరుస్తాయి.

1939లో స్వీడన్‌లో క్రాఫోర్డ్, ఫ్రెంక్నర్ ఈ సిరల్లోకి వాటిని గడ్డకట్టించే మందు ఎక్కించారు. ఆ పద్ధతిలో పుండ్లు పడేవి, అన్నవాహిక సన్నబడేది. 1980ల రెండో సగంలో అమెరికాలో స్టీగ్‌మన్ రింగుల పద్ధతి తెచ్చాక ఆ బాధలు తగ్గాయి గానీ, సిరలు తిరిగి రావడం ఎక్కువైంది. రింగు పట్టేది పైపొరను, దాని కింది పొరను మాత్రమే. కండర పొర బయట ఉన్న సిరలు, అక్కడి నుంచి గోడను చీల్చుకుని లోపలికి రక్తం తెచ్చే సిరలు అలాగే ఉండిపోతాయి. ఎక్కించిన మందు కొంతవరకు వాటిలోకీ చేరి గడ్డకట్టించేది.

మామూలు ఎండోస్కోపీకి ఆ బయటి సిరలు కనిపించవు. ఎండోస్కోప్ కొసకు అల్ట్రాసౌండ్ అమర్చి లోపలి నుంచి చూసే, 1980లో మొదలైన ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌ (ఎండోసోనోగ్రఫీ)తో వాటిని చూడటం సాధ్యమైంది. గోడ బయట పెద్ద సిరలున్నవారికి జబ్బు తిరగబెట్టడం, మళ్లీ రక్తం పోవడం ఎక్కువని 1990ల రెండో సగంలో హాంకాంగ్ వైద్యులు చూపారు. గోడను చీల్చుకొచ్చే సిరలు, జీర్ణాశయం నుంచి వచ్చే ఎడమ జఠర సిరలో రక్తవేగం కూడా లెక్కలోకి వస్తాయని జపాన్ వైద్యులు చెప్పారు.

చూసే తీరులోనే పొరపాట్లు దొర్లుతాయి. అల్ట్రాసౌండ్ పంపే ప్రోబు చివరి బెలూన్‌లో నీళ్లు ఎక్కువైతే సిరలు అణిగిపోయి, లేవనిపిస్తాయి. 20 మెగాహెర్ట్జ్ సన్న ప్రోబు గోడ పొరలను స్పష్టంగా చూపుతుంది, దూరపు సిరలను మాత్రం అందుకోలేదు. వాటికి 7.5 నుంచి 12 మెగాహెర్ట్జ్, తోడుగా రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ కావాలి.

ఇది ఇంకా అందరికీ చేసే పరీక్ష కాదు. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు వెళ్లి దీన్ని చేయించుకోవడం కంటే, సిరలు మాయమయ్యాక 3 నెలలకు, ఆపైన 6 నుంచి 12 నెలలకోసారి మామూలు ఎండోస్కోపీ తప్పకుండా చేయించుకోవడమే ముఖ్యమని మా అభిప్రాయం. ఎండోసోనోగ్రఫీ ఎలాగూ చేశారా, రిపోర్టులో గోడ బయట పెద్ద సిరలున్నాయని రాశారా, అప్పుడు ఆ గడువును ఇంకా దగ్గర చేయమని అడగాలి. పోర్టల్ పీడనం తగ్గించే కార్వెడిలాల్, ప్రొప్రనొలాల్ మాత్రలు సొంతంగా ఆపకూడదు. రింగు ఊడి పుండు పడే మొదటి రెండు వారాల్లో మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం వాంతి అయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.