దిద్దకుండానే నయం చేసే కత్తెర

మన డీఎన్ఏ మొత్తం దాదాపు 300 కోట్ల అక్షరాలు. సికిల్ సెల్ జబ్బు రావడానికి అందులో ఒక్కటి మారితే చాలు. హిమోగ్లోబిన్‌ను తయారుచేసే జన్యువులో 'ఎ' ఉండాల్సిన చోట 'టి' పడుతుంది, అంతే. ఈ తప్పు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వచ్చిందంటే, గుండ్రంగా మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా కొడవలిలా వంగి బిరుసెక్కుతాయి. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని దారి మూసేస్తాయి. ఆ నొప్పి ఒక్కోసారి రోజుల తరబడి వదలదు.

ఈ జబ్బుకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా 'కాస్‌జెవీ' అనే చికిత్సను అనుమతించాయి. డీఎన్ఏను కావాల్సిన చోట కోసే క్రిస్పర్ అనే కత్తెరతో చేసే వైద్యాల్లో మొదట అనుమతి దొరికింది దీనికే. కత్తెర అనగానే తప్పు అక్షరాన్ని తీసేసి సరైనది పెడతారనుకుంటాం. కానీ ఈ వైద్యం ఆ తప్పు జోలికే వెళ్లదు. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి అదే.

అమ్మ కడుపులో ఉన్నప్పుడు మనందరికీ వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. అమ్మ రక్తంలోని ఆక్సిజన్‌ను అది గట్టిగా లాక్కోగలదు. పుట్టిన కొన్ని నెలలకు బీసీఎల్11ఎ అనే జన్యువు దాని తయారీని ఆపించేస్తుంది. సికిల్ సెల్‌తో పుట్టిన పసివాళ్లకు మొదట్లో ఇబ్బంది కనిపించకపోవడం అందుకే. పెద్దయ్యాక కూడా ఆ పాత హిమోగ్లోబిన్ ఆగిపోని వాళ్లు కొందరుంటారు. వాళ్లలో జబ్బు తేలిగ్గా ఉంటుందని డాక్టర్లు ఎప్పుడో గమనించారు. క్రిస్పర్ చేసేదల్లా రక్తం పుట్టే మూలకణాల్లో ఆ ఆపే జన్యువుకు కళ్లెం వేయడమే. నిద్రపోయిన హిమోగ్లోబిన్ మళ్లీ లేస్తుంది.

వినడానికి సులువే. రోగి పడే పాట్లు వేరు. మూలకణాలను బయటికి తీసి ల్యాబ్‌కు పంపాలి. అవి సిద్ధమై తిరిగి రావడానికి నెలలు పడుతుంది. వాటికి చోటివ్వడానికి పాత ఎముక మజ్జను గట్టి కీమోథెరపీతో ఖాళీ చేయాలి. జుట్టు ఊడుతుంది, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు, వారాలపాటు ఆసుపత్రిలోనే ఉండాలి. అమెరికాలో ఒక్క మందుకే పెట్టిన ధర 22 లక్షల డాలర్లు. ఈ జబ్బుతో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల వాళ్లు.

ఇంకో సంగతి. మారేది రక్తకణాలే కాబట్టి, నయమైన మనిషి పిల్లలకు ఆ తప్పు అక్షరం యథాతథంగా వెళ్తుంది. మరి పిండంలోనే మార్చేస్తే పోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఎయిడ్స్ వైరస్ సోకకూడదని 2018లో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌క్వీ పిండాల్లో జన్యువును మార్చాడు, కవలలు పుట్టారు. ఆయనకు మూడేళ్ల జైలు పడింది. నా లెక్కలో అది తొందరపాటు కాదు, నేరమే. కత్తెర పక్కన ఇంకెక్కడైనా కోసిందో లేదో తేలకుండానే, అడిగే వీలులేని పిల్లల మీద, వాళ్లకు పుట్టబోయే పిల్లల మీద కూడా ప్రయోగం చేసినట్టు.

అసలైన ఆశ 2025లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చింది. ఒంట్లో అమ్మోనియా పేరుకుపోయే అరుదైన లివర్ జబ్బున్న పసిబిడ్డకు, ఆ ఒక్క బిడ్డ తప్పు కోసమే ఆరు నెలల్లో మందు తయారుచేశారు. ఈసారి నిజంగానే అక్షరాన్ని దిద్దారు. కీమో లేదు, కణాలను బయటికి తీసే పనీ లేదు. కొవ్వు బుడగల్లో పెట్టి సెలైన్‌లా ఎక్కించారు.

సికిల్ సెల్‌కూ ఇలాంటి సూది ఒకటి వస్తే, ఇప్పుడు కావాల్సినంత పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. చిక్కల్లా ఒకటే. రక్తంలోకి ఎక్కించిన కొవ్వు బుడగలు వాటంతటవే లివర్‌కు చేరతాయి, ఎముక మజ్జకు అంత తేలిగ్గా చేరవు. వాటిని అక్కడికి మళ్లించే దారి కోసం ల్యాబుల్లో ఇప్పుడు పని నడుస్తోంది.