కింద ఉన్నవాళ్లకు చట్టం ఉంది, లోపల కూర్చున్నవాళ్లకు లేదు

2024 మే 19. టెక్సాస్ ఎడారి మీద బ్లూ ఆరిజిన్ కంపెనీ వారి న్యూ షెపర్డ్ క్యాప్స్యూల్ కిందికి దిగుతోంది. లోపల ఆరుగురున్నారు. విజయవాడలో పుట్టి అమెరికాలో పైలట్‌గా స్థిరపడిన గోపీచంద్ తోటకూర వాళ్లలో ఒకరు, 90 ఏళ్ల ఎడ్ డ్వైట్ మరొకరు. క్యాప్స్యూల్‌కు మూడు పారాచూట్లు. రెండు బాగానే విచ్చుకున్నాయి, మూడోది మాత్రం పూర్తిగా విచ్చుకోలేదు. రెండింటితోనైనా క్షేమంగా దిగేలా దాన్ని తయారు చేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. తెలుగువాడు రోదసి అంచు దాకా వెళ్లొచ్చాడని మనమంతా సంబరపడ్డాం. పడాల్సిన సంబరమే అది.

కానీ ఆ పారాచూట్ ఒక ప్రశ్న మిగిల్చింది. ఆ క్యాప్స్యూల్ మనుషుల్ని ఎక్కించుకోవడానికి తగినదేనని ప్రభుత్వం తరఫున ఎవరైనా ధ్రువీకరించారా? లేదు. ప్రయాణికులు ఎక్కేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఇందులో ప్రాణానికి ప్రమాదం ఉందనీ, ఈ వాహనం సురక్షితమని అమెరికా ప్రభుత్వం ధ్రువీకరించలేదనీ తనకు తెలుసునని ఒప్పుకోవాలి. బస్సుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతాం, లిఫ్ట్‌కు తనిఖీ ఉంటుంది. రోదసికి వెళ్లే వాహనం విషయంలో ఆ పూచీ ప్రయాణికుడి సంతకం మీదికి ఎలా వచ్చిందో తెలియాలంటే ఓ నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1984లో అమెరికా వాణిజ్య అంతరిక్ష ప్రయోగాల చట్టం చేసింది. అప్పటికి దాని ఉద్దేశం ప్రైవేటు కంపెనీలు ఉపగ్రహాలను పంపడమే, మనుషుల ఊసు లేదు. మామూలు పౌరులను రోదసికి తీసుకెళ్లాలన్న ఆశ అప్పట్లో నాసాది. టీచర్ల కోసం ప్రకటన ఇస్తే 11 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. న్యూ హాంప్‌షైర్‌కు చెందిన క్రిస్టా మెక్ఆలిఫ్‌ను ఎంపిక చేశారు. 1986 జనవరి 28న ఛాలెంజర్ షటిల్ పేలిపోయి ఆమెతో సహా ఏడుగురూ చనిపోయారు.

ముందు రోజు రాత్రి టెలికాన్ఫరెన్స్‌లో ఏం జరిగిందన్నది ఇక్కడ ముఖ్యం. బూస్టర్ రాకెట్లు తయారు చేసిన మోర్టన్ థియోకోల్ ఇంజినీర్లు ఇంత చలిలో ప్రయోగం వద్దన్నారు. రబ్బరు ఓ-రింగ్‌లు బిగుసుకుపోయి జాయింట్ల దగ్గర మంట బయటికి తన్నుతుందని వాళ్ల భయం. నాసా అధికారులు ఒత్తిడి తెచ్చారు. థియోకోల్ యాజమాన్యం సొంత ఇంజినీర్ల మాట పక్కనపెట్టి సరేనంది. ఈ వాదన జరుగుతోందని మెక్ఆలిఫ్‌కు తెలియదు. వద్దన్నవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట చెల్లుబాటయ్యే అధికారం లేదు. తర్వాతి కథంతా ఆ అధికారం ఎవరి చేతిలో ఉందన్న దాని చుట్టూనే తిరిగింది.

ఛాలెంజర్ తర్వాత పౌరుల ప్రయాణాల ముచ్చట నాసా మానేసింది. ఆ ఖాళీలోకి డబ్బు అవసరం ఉన్న రష్యా వచ్చింది. అంతకుముందే 1990లో ఒక జపాన్ టీవీ సంస్థ సొమ్ము కట్టి తన జర్నలిస్టు టొయోహిరో అకియామాను సోవియట్ అంతరిక్ష కేంద్రం మీర్‌కు పంపింది. సొంత డబ్బుతో వెళ్లిన తొలి మనిషి మాత్రం కాలిఫోర్నియా వ్యాపారి డెనిస్ టిటో. 2001 ఏప్రిల్ 28న, 60 ఏళ్ల వయసులో, సుమారు 2 కోట్ల డాలర్లు చెల్లించి బైకనూర్ నుంచి రష్యా నౌక సోయుజ్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. నాసా ససేమిరా అంది. హ్యూస్టన్‌లోని జాన్సన్ సెంటర్‌లో అతనికి శిక్షణ ఇవ్వబోమంటే, అతనితో వెళ్లాల్సిన ఇద్దరు రష్యన్లు అతను లేకుండా మేమూ శిక్షణకు రామని భీష్మించారు. చివరికి నాసానే దిగొచ్చింది. అంతరిక్ష కేంద్రంలో ఏదైనా పాడైతే ఖర్చు తనదేనని టిటో రాసిచ్చాడు. 2009 దాకా ఈ దారిలో ఏడుగురు వెళ్లొచ్చారు. వాళ్లంతా ప్రభుత్వం కట్టిన నౌకలో, ప్రభుత్వ శిక్షణతో, ప్రభుత్వ వ్యోమగాముల పక్కన కూర్చుని వెళ్లినవాళ్లే. కొన్నది సీటు మాత్రమే.

కంపెనీ సొంత వాహనంలో మనుషుల్ని పంపడం 2004లో మొదలైంది. మనుషుల్ని రోదసికి తీసుకెళ్లే ప్రైవేటు నౌకకు ప్రకటించిన కోటి డాలర్ల ఎక్స్ ప్రైజ్ కోసం విమానాల రూపకర్త బర్ట్ రుటాన్ రూపొందించిన స్పేస్‌షిప్‌వన్ మోజావె ఎడారి నుంచి జూన్ 21న తొలిసారి రోదసి అంచు తాకింది. సెప్టెంబర్ 29న, అక్టోబర్ 4న మళ్లీ ఎగిరి బహుమతి గెలిచింది. ఆ గెలుపు వేడి మీదే అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ చట్టాన్ని సవరించింది. ప్రయాణికుడి సంతకం అప్పుడే పుట్టింది. కొత్త పరిశ్రమ నిలదొక్కుకునే దాకా, ఎనిమిదేళ్ల పాటు, లోపల కూర్చునేవాళ్ల భద్రత కోసం పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనలు పెట్టకూడదన్నారు. ఎవరైనా చనిపోతేనో, తీవ్రంగా గాయపడితేనో, అలాంటి ముప్పు తృటిలో తప్పితేనో మాత్రమే జోక్యం చేసుకోవచ్చు. నేల మీద ఉన్నవాళ్ల విషయంలో, ఇతర విమానాల విషయంలో మాత్రం ఎఫ్‌ఏఏకు పూర్తి అధికారం ఉంది. రాకెట్ ఊరి మీద పడకుండా చూడాలి. రాకెట్‌లో ఉన్న మనిషి సంగతి ఆ మనిషే చూసుకోవాలి.

ఈ ఏర్పాటు ఎలా పనిచేసిందో 2014 అక్టోబర్ 31న తేలింది. వర్జిన్ గెలాక్టిక్ కోసం స్కేల్డ్ కాంపోజిట్స్ తయారు చేసిన స్పేస్‌షిప్‌టూ పరీక్షకు ఎగిరింది. ఈ నౌకకు తోక భాగం పైకి మడుచుకునే ఏర్పాటు ఉంటుంది. తిరిగి వాతావరణంలోకి దిగేటప్పుడు షటిల్ కాక్‌లా నిదానంగా, నిలకడగా పడటానికి అది పనికొస్తుంది. పైకి వెళ్లేటప్పుడు, వేగం ధ్వనికి 1.4 రెట్లయ్యాక, కోపైలట్ దాని తాళం తీయాలి. ఆ రోజు కోపైలట్ మైఖేల్ ఆల్స్‌బరీ సుమారు 0.8 దగ్గరే తీసేశాడు. తోకను మడిచే లివర్ వేరే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తాళం లేకపోవడంతో గాలి ఒత్తిడికి తోక తనంతట తనే పైకి లేచింది. క్షణాల్లో నౌక ముక్కలైంది. ఆల్స్‌బరీ చనిపోయాడు. పైలట్ పీటర్ సీబోల్డ్ సీటుతో సహా బయటికి విసిరేసినట్టు పడి, పారాచూట్ తెరుచుకోవడంతో గాయాలతో బతికాడు.

ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2015 జులైలో ఇచ్చిన నిర్ధారణ చదివితే బాధేస్తుంది. ఒక మనిషి ఒక్క పొరపాటు చేస్తే నౌకే పోతుందన్న సంగతి తయారీదారు ముందుగా ఆలోచించలేదని తేల్చింది. ఎఫ్‌ఏఏ పాత్రనూ వదల్లేదు. మానవ తప్పిదాలను విశ్లేషించాలన్న నిబంధన నుంచి కంపెనీకి ఎఫ్‌ఏఏనే మినహాయింపు ఇచ్చింది. తన సాంకేతిక సిబ్బంది అడగాలనుకున్న ప్రశ్నల్లో, ప్రజల భద్రతకు నేరుగా సంబంధం లేదనిపించినవి కంపెనీ దాకా వెళ్లకుండా వడపోతలో ఆగిపోయాయి. లోపల ఉన్నవాళ్ల గురించి అడగడం తమ పని కాదని చట్టమే చెబుతుంటే, ప్రశ్న తట్టిన ఇంజినీరు మాత్రం ఏం చేస్తాడు?

ఇంత జరిగినా గడువు పొడిగింపులు ఆగలేదు. ఎఫ్‌ఏఏ నిబంధనలు పెట్టకూడదంటూ విధించిన, 2012లో ముగియాల్సిన నిషేధాన్ని అప్పటికే పొడిగించారు. ప్రమాదం జరిగిన ఏడాదికి, 2015 నవంబర్‌లో, ఏకంగా 2023 దాకా పెంచారు. తర్వాత నెలల చొప్పున సాగదీసి, 2024 మేలో 2028 జనవరి 1 వరకు పొడిగించారు. మరోవైపు వర్జీనియా, ఫ్లోరిడా, న్యూ మెక్సికో, టెక్సాస్ రాష్ట్రాలు కంపెనీల మీద ప్రయాణికుల కుటుంబాలు దావా వేసే వీలును బాగా కుదించే చట్టాలు చేశాయి.

2021 జులై 11 మనకు బాగా గుర్తున్న రోజు. గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల, వర్జిన్ గెలాక్టిక్ వ్యవస్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్‌తో కలిసి ఆ కంపెనీ స్పేస్‌షిప్‌టూ నౌక యూనిటీలో వెళ్లొచ్చింది. పైన ఉన్న ఆ కొన్ని నిమిషాల్లోనే ఫ్లోరిడా యూనివర్సిటీ వారి మొక్కల ప్రయోగం చేసింది. ఆ నౌక కిందికి దిగేటప్పుడు, తనకు కేటాయించిన గగనతలం దాటి 1 నిమిషం 41 సెకన్లు బయట ఉంది. ఆ సంగతి కంపెనీ ఎఫ్‌ఏఏకు వెంటనే చెప్పలేదు. సెప్టెంబర్ 2న ఎఫ్‌ఏఏ కంపెనీ ప్రయాణాలు ఆపేసి, నెలాఖరుకు మళ్లీ అనుమతించింది. కేటాయించే గగనతలం పెంచడం, ఇలాంటివి జరుగుతున్నప్పుడే సమాచారం ఇవ్వడం ఆ దిద్దుబాటు సారాంశం. అవసరమైనవే, కాదనను. కానీ అవి చుట్టుపక్కల ఎగిరే విమానాల కోసం. శిరీష, ఆమె పక్కన కూర్చున్నవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు.

భూమి చుట్టూ కక్ష్యలో తిరిగే ప్రయాణాల పరిస్థితి కొంత మెరుగు. స్పేస్‌ఎక్స్ క్రూ డ్రాగన్ నౌకను నాసా తన వ్యోమగాముల కోసం ఏళ్ల తరబడి పరీక్షించి 2020లో ధ్రువీకరించింది. 2021లో ఇన్‌స్పిరేషన్4 ప్రైవేటు యాత్రలో వెళ్లిన నలుగురు సామాన్యులకూ, తర్వాత ఆక్సియమ్ కంపెనీ టికెట్లు కొన్నవాళ్లకూ ఆ తనిఖీ ఫలం అందింది. నిబంధన పుస్తకంలో లేకపోయినా నాసా ఇంజినీర్ల రూపంలో కాపలా ఉంది. బోయింగ్ స్టార్‌లైనర్ విషయంలో ఆ కాపలా విలువ కనిపించింది. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ అందులో వెళ్లాక హీలియం లీకులు, థ్రస్టర్ల సమస్యలు బయటపడ్డాయి. బోయింగ్ తీసుకొస్తామంది. నాసా వద్దంది. నౌకను ఖాళీగా దింపి, వాళ్లిద్దరినీ 2025 మార్చిలో డ్రాగన్‌లో తీసుకొచ్చింది.

ఆక్సియమ్ యాత్రలో వెళ్లిన భారత వ్యోమగామి శుభాంశు శుక్లా ప్రయాణంలోనూ ఇదే చూశాం. 2025 జూన్‌లో ఫాల్కన్ 9 రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీక్ బయటపడి ప్రయోగం వాయిదా పడింది. పూర్తిగా సరిచేసేదాకా కుదరదని తమ బృందం పట్టుబట్టిందని ఇస్రో ఛైర్మన్ నారాయణన్ తర్వాత చెప్పారు. జూన్ 25న శుక్లా బయల్దేరి, జులై 15న క్షేమంగా తిరిగొచ్చాడు. టికెట్ కొన్నది ఒక దేశం కాబట్టి, రాకెట్లు తయారు చేయడం తెలిసిన ఇంజినీర్లు బల్లకు అవతలి వైపు కూర్చుని అడగగలిగారు. సొంత డబ్బుతో వెళ్లే మనిషి వెనక అలాంటి బృందం ఉండదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని 2030 తర్వాత దించేశాక, దాని స్థానంలో ప్రైవేటు కేంద్రాలు వస్తే ఆ కాపలా ఇంకా పలచబడుతుంది. నాకు ఎక్కువ టెన్షన్ అక్కడే.

నిబంధనలు ఇప్పుడే వద్దనే కంపెనీల వాదనను కొట్టిపారేయలేం. న్యూ షెపర్డ్ పైలట్ లేకుండా నిట్టనిలువునా లేచి పారాచూట్లతో దిగుతుంది. 2024 దాకా ఎగిరిన స్పేస్‌షిప్‌టూను పెద్ద విమానం పైకి మోసుకెళ్లి వదిలేది, ఇద్దరు పైలట్లు గ్లైడర్‌లా దింపేవారు. రెండింటికీ సరిపడే ఒకే నిబంధన రాయడం కష్టమే. 2004లోనే రాసి ఉంటే ఏదో ఒక నమూనాకు కట్టుబడి మిగతావి మొలకలోనే ఆగిపోయేవేమో. కానీ ఇరవై ఏళ్లు గడిచాయి. నమూనాతో పనిలేని నిబంధనలూ ఉంటాయి. పారాచూట్ విచ్చుకోకపోవడం లాంటి ఘటన జరిగితే కారణం ఏమిటో బయటి దర్యాప్తు సంస్థ తేల్చి అందరికీ తెలియజేయాలి అనడానికి రాకెట్ ఆకారంతో సంబంధం లేదు. సంతకం పెట్టే ముందు ప్రయాణికుడికి అసలు తెలియాల్సింది అదే.

2023 జూన్‌లో టైటానిక్ శిథిలాలు చూడటానికి దిగిన టైటాన్ జలాంతర్గామి నలిగిపోయి అయిదుగురు చనిపోయారు. దానికీ ఎవరి ధ్రువీకరణా లేదు, అక్కడా ప్రయాణికుల సంతకాలే. చనిపోయినవాళ్లలో హేమిష్ హార్డింగ్ అంతకు ఏడాది ముందే న్యూ షెపర్డ్‌లో వెళ్లొచ్చినవాడు. సాహసికుడికి ప్రమాదం ఉందని తెలుసు, అది నిజమే. ఏ భాగం బలహీనంగా ఉందో మాత్రం తెలియదు. అది తెలిసే అవకాశం తయారీదారు ఇష్టాయిష్టాల మీద ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అంతర్జాతీయ ఒప్పందాలు ఆదుకుంటాయా అంటే, పెద్దగా లేదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రైవేటు కంపెనీల పనులకూ ఆయా దేశాలనే బాధ్యులను చేసింది. 1972 నష్టపరిహార ఒప్పందం ప్రకారం నేల మీద జరిగే నష్టానికి ప్రయోగించిన దేశం తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా చెల్లించాలి. కానీ ఆ దేశ పౌరులకూ, ప్రయోగంలో పాల్గొంటున్న విదేశీయులకూ అది వర్తించదు. టికెట్ కొన్న భారతీయుడు పాల్గొంటున్నవాడి కింద లెక్కా, కాదా అన్నది ఇంకా తేలని వాదన.

మన దేశంలో 2020లో ప్రైవేటుకు ద్వారాలు తెరిచారు, ఇన్‌స్పేస్ సంస్థ ఏర్పడింది. 2022 నవంబర్ 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేసింది. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. మనుషుల్ని పంపేది ఇప్పటికి గగన్‌యాన్ ఒక్కటే, అది ఇస్రో చేతిలో ఉంది. 2017లో ముసాయిదా వేసిన అంతరిక్ష కార్యకలాపాల బిల్లు చట్టం కాలేదు. విధానం మార్గం చూపిస్తుంది గానీ, నష్టపోయిన కుటుంబం కోర్టులో చూపించగలిగేది చట్టాన్నే.

ఇక్కడ అమెరికా అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఎఫ్‌ఏఏలోని అంతరిక్ష విభాగానికి చట్టం రెండు పనులు అప్పగించింది: పరిశ్రమను ప్రోత్సహించడం, దాని మీద నిఘా పెట్టడం. మన ఇన్‌స్పేస్‌కూ ప్రోత్సహించే బాధ్యత, అనుమతులిచ్చే అధికారం ఒకే చోట ఉన్నాయి. ఉపగ్రహాల దాకా ఇది నడిచిపోవచ్చు. మన గడ్డ మీద నుంచి ఏ ప్రైవేటు కంపెనీ అయినా మనుషుల్ని ఎక్కించే రోజుకు ముందే, ప్రయోగం ఆపమని చెప్పే అధికారం ఈ రెండింటికీ దూరంగా ఉన్న సంస్థకు ఇస్తూ చట్టం రావాలి. మొదటి ప్రమాదం తర్వాత కాదు.