అరవై చుక్కల చూపు

పది చుక్కలు, ఆరు వరసలు. ఈ లెక్క వినగానే మనకు ముందు గుర్తొచ్చేది సంక్రాంతి ముగ్గు. చూపు పోయినవాళ్ల కంట్లో అమర్చిన ఆర్గస్ 2 అనే పరికరం పెట్టించుకున్నవాళ్లకు మాత్రం కనిపించేదంతా అంతే. వాళ్ల రెటీనాకు, అంటే కంటి లోపల వెలుగును పట్టే పొరకు, ఆనించిన పల్చటి రేకు మీద కరెంటు అందించే 60 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ముగ్గు చుక్కల్ని మనం చేత్తో కలుపుతాం. ఇక్కడ ఆ పని మెదడే చేసుకోవాలి.

ఇది రెటినైటిస్ పిగ్మెంటోసా ముదిరినవాళ్ల కోసం చేసిన పరికరం. ఆ జబ్బు రేచీకటితో మొదలై, చూపు చుట్టూ కుంచించుకుపోయి గొట్టంలోంచి చూస్తున్నట్టవుతుంది. జన్యువుల్లో వచ్చేది కాబట్టి మేనరికాలున్న ఇళ్లలో అవకాశం ఎక్కువ. వెలుగును పట్టే కణాలు చచ్చిపోతాయి, వాటి నుంచి సంకేతాలు అందుకునే నరాల కణాలు కొన్ని మిగులుతాయి. బల్బులు పోయినా వైరింగ్ కొంత బాగానే ఉందన్నమాట.

కళ్లద్దాల మీది కెమెరా తీసిన దృశ్యం నడుముకున్న పెట్టెలోకి వెళ్తుంది. ఏ ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంటు ఇవ్వాలో లెక్కగట్టేది ఆ పెట్టే. ఆ లెక్క, దాంతోపాటు కరెంటు, కళ్లద్దాల పక్కనున్న కాయిల్ నుంచి వైరు లేకుండా కంటికి చేరతాయి. పెట్టెలో లెక్కగట్టే ప్రాసెసర్‌ను కంట్లోనే పెట్టొచ్చుగా? వేడి. ఫోన్ కాలితే పక్కన పడేస్తాం, కంటిని అలా పడేయలేం.

అసలు కష్టం ఫొటో తీయడంలో లేదు, అందులో ఏం పారేయాలో తేల్చుకోవడంలో ఉంది. మామూలు రెటీనా చేసేదీ ఇదే. సుమారు 12 కోట్ల కణాలు పట్టిన వెలుగును వడగట్టి, పది లక్షల పైచిలుకు నరాల పోగుల్లోకి సర్దుతుంది. మన పెట్టెకు దక్కినవి అరవయ్యే. ఒక ఫొటోను పది గళ్లు, ఆరు వరసలకు కుదించి చూడండి: అమ్మ ముఖం బూడిదరంగు మచ్చ అయిపోతుంది, వెలుగున్న గుమ్మం మాత్రం నిలువు గీతలా మిగులుతుంది. అందుకే పెట్టెలో అంచుల్ని మాత్రమే ఎత్తిచూపే సెట్టింగు, నలుపు తెలుపుల్ని తిరగేసే సెట్టింగు పెట్టారు. పైగా ఒకేచోట చూస్తుంటే ఎలక్ట్రోడ్లు పుట్టించే మెరుపు చుక్కలు కాసేపటికే మసకబారతాయి. కెమెరా ఉన్నది కళ్లద్దాల మీద కాబట్టి, కళ్లు తిప్పితే లాభం లేదు. తల ఊపుతూ గుమ్మాన్ని వెతుక్కోవాలి.

తర్వాత వచ్చిన ప్రైమా అనే కంటి చిప్పు దారి వేరు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేనియల్ పలాంకర్ ఆలోచన అది. 2 మిల్లీమీటర్ల చిప్పు మీద 378 పిక్సెళ్లు, ఒక్కొక్కటీ బుల్లి సోలార్ పలక. కళ్లద్దాలు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌లో బొమ్మ వేస్తే, ఆ వెలుగుతోనే చిప్పు కరెంటు పుట్టిస్తుంది. వయసు మీద పడి నడిమి చూపు పోయినవాళ్లకు అమర్చారు. 2025లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. చదివేటప్పుడు వాళ్లు అక్షరాల్ని జూమ్ చేసుకుంటారు. ఇక్కడా ఆ పని ప్రాసెసర్‌దే.

ఆర్గస్ 2ను సుమారు 350 మందికి అమర్చారు. దాన్ని చేసిన సెకండ్ సైట్ కంపెనీ 2019లో తయారీ ఆపేసి, 2020లో ఉద్యోగుల్లో చాలామందిని తీసేసింది. ప్రైమాను నడిపిన పిక్సియం కంపెనీ కూడా ఆర్థికంగా చితికిపోతే, 2024లో సైన్స్ కార్పొరేషన్ అనే కంపెనీ ప్రైమాను కొనుక్కుంది. ఆర్గస్ వాళ్లకు అప్పట్లో అలా ఆదుకునేవాళ్లు దొరకలేదు. కంట్లో రేకు బాగానే ఉన్నా, నడుము మీది పెట్టె పాడైతే రిపేరుకు దిక్కులు చూడాల్సి వచ్చింది.